వెచ్చని సింహాసనం

సింహాసనం బాబాయి టీకొట్టు బల్లమీద కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడంటే, ఆ పూటకి అక్కడ ఇంకెవరి నోరూ లేవదని అర్థం. ఆయనకు అసలు పేరొకటి హాజరు పుస్తకంలో ఉంది గాని, ముప్పై ఏళ్లుగా దానితో ఆయన్ని పిలిచినవాళ్లు లేరు. పాత రాజధాని తవ్వకాల్లో మట్టి తవ్వే మేస్త్రీ ఆయన. భూమిలో కూరుకుపోయిన రాజుగారి సింహాసనాన్ని మొట్టమొదట చూసింది తానేనని కనబడినవాళ్లకల్లా చెబుతాడు గనక ఆ పేరు ఖాయమైపోయింది. ఆనాటి కూలీలు ఇప్పుడెవరూ లేరు గనక, ఆ సింహాసనాన్ని ఆయన తప్ప మరో మనిషి చూసిన దాఖలా లేదు.

ఆ రోజు సాయంత్రం కావస్తుండగా వాన పట్టుకుంది. వాన పడితే తవ్వకం పని సాగదు. గుంటలమీద పట్టాలు కప్పి, అంచులకు రాళ్లు పెట్టి, అందరూ కంచె అవతల ఉన్న టీకొట్టు రేకుల కిందికి చేరతారు. అలాగే చేరారు. ఓ డజను మంది కూలీలు, గ్లాసులు కడుగుతూ టీకొట్టు అమ్మ, మూలనున్న స్టూలు మీద జల్లెడ పట్టే వదిన.

వదిన అంటే అక్కడున్న అందరికీ వదినే గాని, బాబాయికి మాత్రం నిజమైన వరస. ఆయన భార్యకు స్వయానా అక్క. గుంటలోంచి గంపలతో పైకొచ్చిన మట్టిని జల్లించి, పూసో పెంకో ఉంటే ఏరి పక్కన పెట్టడం ఆవిడ పని. పాతికేళ్లుగా మరిది తవ్విన మట్టినీ, మరిది చెప్పే మాటల్నీ కూడా ఆవిడే జల్లిస్తోందని కూలీలు నవ్వుతుంటారు. మట్టిలో అయితే అప్పుడప్పుడు ఏదో ఒకటి దొరుకుతుందని ఆవిడ జవాబు.

ఆవేళ మాత్రం ఆవిడకు హాస్యాలు రావడం లేదు. ఎదురుబల్ల మీద ఆఫీసరమ్మ కూర్చుని ఉంది, ఒళ్లో నోటుబుక్కు తెరుచుకుని.

వచ్చే నెలనుంచి పాత రాజధానిని చూడటానికి జనాన్ని లోపలికి రానిస్తారు. వచ్చినవాళ్లను వెంటబెట్టుకుని తిప్పి, ఇది కోటగోడ, ఇది కాలువ అని చెప్పడానికి ఒక మనిషి కావాలి. పట్నంలో ఒకాయన ఉన్నాడు, మైకు మెడలో వేసుకుని ఇప్పటికే మూడు కోటల దగ్గర చెబుతున్నాడు. అంతా బట్టీ, ఒక్క ముక్క పొల్లుపోదు. కాని ఆఫీసరమ్మకు, చేత్తో తవ్విన మనిషి నోటితో చెబితే ఎలా ఉంటుందో ఒకసారి వినాలనిపించింది. విన్నాక తేలుస్తానంది.

బాబాయికి ఇది ఎంత అవసరమో చెబుతాను. ఆయన మోకాళ్లు అరిగిపోయాయి. గుంటలోకి దిగే నిచ్చెనకు పదకొండు మెట్లు. మూడోమెట్టు దగ్గరే ఆయన ఆగిపోయి, పైనుంచి సలహాలు చెప్పడం మొదలుపెట్టి రెండేళ్లయింది. ఈ పని రాకపోతే ఆయన్ని పెంకుల గదిలో వేస్తారు. కడిగిన కుండపెంకులు వేలకు వేలు అక్కడ బల్లలమీద పరిచి ఉంటాయి. ఒక్కోదానిమీద సన్నటి కుంచెతో నంబరు వేయాలి. ఎవరైనా మాట్లాడితే నంబరు తప్పుతుందని ఆ గదిలో మాటే నిషేధం. తుమ్మినా తలలెత్తి చూస్తారు. బాబాయిని అందులో కూర్చోబెట్టడమంటే పొంగే పాలగిన్నె మీద మూతపెట్టి, ఆ మూతమీద రుబ్బురాయి ఎత్తడమే.

అందుకే పొద్దున్నే వదిన చెల్లెలు పరుగున వచ్చి అక్క చేతులు పట్టుకుంది. ఈ ఒక్క రోజుకీ ఆయన ఎన్ని కోతలు కోసినా అడ్డు తగలొద్దనీ, నవ్వొద్దనీ, కనుబొమ కూడా ఎత్తొద్దనీ బతిమాలింది. వదిన సరేనంది. సరేనన్న రెండు గంటలకే ఆవిడ జల్లెడలోకి సీసా దొర్లింది.

ఆ సీసా సంగతి తెలియాలంటే తవ్వకాలవాళ్ల పద్ధతి ఒకటి తెలియాలి. ఒక గుంటలో పని ఆపేసి తిరిగి మట్టితో పూడ్చేటప్పుడు, అట్టడుగున తమ కాలపు వస్తువు ఏదో ఒకటి వదిలేసి పూడుస్తారు. కొందరు నాణెం వేస్తారు, కొందరు సీసాలో కాగితం పెడతారు. ఎందుకూ? రేపెప్పుడో ఇంకొకరు అక్కడే తవ్వితే, అది కనబడగానే, మనవాళ్లు ఇంతవరకు వచ్చారు, ఇక దీని కింద ఉన్నదే కదలని పాత మట్టి అని తెలియాలి. లేకపోతే మొన్న పూడ్చిన మట్టినే రాజులనాటి మట్టి అనుకుని బోల్తా పడతారు.

బాబాయి సింహాసనం కథంతా ముప్పై ఏళ్లనాటి నాలుగో గుంటది. దాన్ని పూడ్చిన ఏడాదే అప్పటి ఆఫీసరుకు బదిలీ అయింది, ఆయన రాసిన పుస్తకాలు బీరువాలో చెదలు తినేశాయి. అందులో ఏముందో ఎవరికీ తెలియదు. మొన్ననే ఆఫీసరమ్మ ఆ గుంటని మళ్లీ తెరిపించింది. ఆ పొద్దున పైకొచ్చిన గంపలో, ఒక మట్టిపెళ్ల పగిలి, గోధుమరంగు మందుసీసా బయటపడింది. మూతకు లక్క, లోపల మడిచిన కాగితం. గాజులోంచి పైమడత మీది ఒక్క వరస కనబడుతోంది. గుంట నాలుగు, లోతు రెండున్నర అడుగులు.

దొరికినది ఏదైనా ఆ పొద్దు గుంకేలోపు ఆఫీసరు చేతికి ఇవ్వాలి, సీసా అయితే ఆఫీసరే తెరవాలి. అది అక్కడి నియమం. పాతికేళ్లలో వదిన ఒక్క పూసను కూడా మర్నాటికి ఉంచలేదు. ఇప్పుడు ఆ సీసా ఆవిడ గుడ్డసంచిలో, అన్నం డబ్బా పక్కన ఉంది. సంచి ఒళ్లో ఉంది. ఎదురుగా మరిది గొంతు సవరించుకుంటున్నాడు.

ఆఫీసరమ్మ అడిగింది, మొదట ఏం దొరికిందని.

"పెద్ద గొప్పేం కాదమ్మా. ఇటుక," అన్నాడు బాబాయి, ఎంతో అణకువగా. "ఒకే ఒక్క ఇటుక. తాపీ పెట్టి గీస్తుంటే అంచు తగిలింది, మట్టి ఊది చూస్తే దానిమీద కుక్క అడుగు. పచ్చి ఇటుకలు ఎండలో ఆరబెట్టినప్పుడు రాజుల కాలపు కుక్క ఏదో తొక్కుకుంటూ పోయిందన్నమాట. పోగానే ఇటుకలు చేసే మనిషి ఒక కేక వేసుంటాడు, కుక్క తోక ముడుచుకుని ఉంటుంది, ఆ కేకా పోయింది, మనిషీ పోయాడు, రాజూ పోయాడు, అడుగు మిగిలింది. ఇంకొకరైతే చీటీ రాసి సంచిలో వేస్తారు. నేను వేలు పెట్టి చూశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వేలికి తడి తగిలింది."

ఆఫీసరమ్మ నవ్వి రాసుకుంది. అలాంటి ఇటుకలు దొరకడం ఉన్నదే. ఇక్కడితో ఆపితే ఎంత బాగుండునని వదిన సంచి తాడు వేలికి చుట్టుకుంది.

కుక్క ఏ రంగుదని టీకొట్టు అమ్మ అడిగింది. రంగు అడుగులో పడదనీ, కాని ఎడమ వెనకకాలు కుంటిదని మాత్రం చెప్పగలననీ బాబాయి అన్నాడు. ఆ కుంటికుక్క ఎటు పోయిందో చూద్దామని పక్క ఇటుక తీశాడట, దాని పక్కది తీశాడట, అడుగుల వెంట అడుగులు వేసుకుంటూ పోతే గోడ వచ్చింది, గోడ పట్టుకుని పోతే వీధి వచ్చింది, వీధి కింద ఇంకో వీధి వచ్చింది.

"నగరమంటే ఒక్కటి కాదమ్మా," అన్నాడు, ఉన్నట్టుండి గొంతు తగ్గించి. "ఒకదాని నెత్తిమీద ఒకటి. కాలిపోయిన ఇంటిని చదును చేసి దానిమీద ఇల్లు కట్టుకుంటారు, వరదొచ్చి అది కూలితే దానిమీద మళ్లీ కడతారు. మనవరాలు ముగ్గేసుకునే గడప కింద ముత్తవ్వ ఇంటి పైకప్పు ఉంటుంది. దిబ్బ ఎందుకు పెరిగిందీ అంటే, జనం ఊరు వదలక పెరిగింది."

ఆ మాటకు కూలీలు కూడా టీ తాగడం ఆపారు. ఆఫీసరమ్మ పెన్ను గబగబా కదిలింది. పెంకుల గది ఇంకో అడుగు దూరం జరిగిందనుకుంది వదిన. కాని బాబాయికి మెచ్చుకోలు మొహంమీద గాలి కొట్టినట్టు తగిలింది. ఇక తెరచాప విప్పేశాడు.

మూడో నగరం దగ్గర బూడిద పొర వచ్చిందట. ఎప్పుడో శత్రువులు తగలబెట్టిన బూడిద. తాపీ పెట్టి కెలికితే లోపల నిప్పు ఇంకా ఉంది. బీడీ అక్కడే ముట్టించుకున్నాడట. నాలుగో నగరంలో ఎవరిదో వంటిల్లు, పొయ్యిమీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి, ఆ ఇల్లాలు అప్పుడే పక్కింటికి వెళ్లినట్టుంది. బాబాయి మంట తగ్గించి, గిన్నె పక్కకి దించి, మూత వారగా పెట్టి మరీ కిందికి దిగాడు. మంచిపని చేశావని టీకొట్టు అమ్మ మనస్ఫూర్తిగా అంది. ఐదో నగరంలో ఒక బావి. వంగి, ఎవరక్కడ అని కేక వేస్తే జవాబు రాలేదు. ఆరో నగరానికి దిగాక వచ్చింది, వస్తున్నా ఉండండి అని.

"ఇంత తవ్వింది ఎన్నాళ్లలో బాబాయి?" అని ఒక కూలీ అడిగాడు.

"పొద్దున టీకీ మధ్యాహ్నం భోజనానికీ మధ్య. తాపీ ఒక్కటే, పార ముట్టలేదు. పార పెడితే రాజుగారి నిద్ర చెడదూ? ఇంకా విను. ఏడో నగరం ద్వారం దగ్గర కాపలావాడు. నిలబడే నిద్రపోతున్నాడు, రెండువేల ఏళ్ల నిద్ర. నేను చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్లమీద దాటబోయాను. సరిగ్గా వాడి ముందుకొచ్చేసరికి నా మోకాలు టక్కుమంది. ఈ టక్కు నాకు అక్కడే మొదలైందిలే. వాడు కళ్లు తెరిచి, నా తర్వాత కాపలాకి రావలసినవాడివి నువ్వేనా అన్నాడు. కాదంటే ఏడుస్తాడేమోనని అవునన్నాను. ఇంత ఆలస్యమా అని ఒక్క తిట్టు తిట్టి, ఈటె నా చేతిలో పెట్టి ఇంటికి పోయాడు."

"ఏ భాషలో తిట్టాడూ?"

"తిట్టు అర్థం కావడానికి భాష ఎందుకురా?"

రేకులమీద వాన కంటే రేకుల కింద నవ్వు ఎక్కువైంది. ఒక కూలీ గ్లాసులో టీ ఒళ్లో పోసుకున్నాడు. ఆఫీసరమ్మ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వదిన మాత్రం ఆవిడ నోరు చూడటం లేదు, పెన్ను చూస్తోంది. బూడిద పొర దగ్గర పెన్ను మెల్లగా నడిచింది. పాలగిన్నె దగ్గర ఆగింది. కాపలావాడు వచ్చాక మళ్లీ కదల్లేదు.

బాబాయికి ఇదేం పట్టలేదు. ఆయన ఏడో నగరంలో ఉన్నాడు. వెయ్యి స్తంభాల సభ. లెక్కపెట్టావా అంటే, రెండుసార్లు, వచ్చేటప్పుడొకసారి పోయేటప్పుడొకసారి అన్నాడు. అన్నిటికీ చివర, గోడవారగా, అది.

"సింహాసనం. నున్నటి రాయి తల్లీ, అద్దంలా నున్నన. చుట్టూ లతలు, లతల మధ్య హంసలు. మధ్యలో కూర్చునే చోట ఇంత పల్లం. ముందు రాజుగారు పాదాలు పెట్టుకోవడానికి రెండు ఎత్తులు చెక్కి ఉన్నాయి. రాజులు కాళ్లు నేలకానించరు కదా."

"రెండు ఎత్తులా?" అంది ఆఫీసరమ్మ, తల కాస్త పక్కకి వంచి. "పల్లానికి అటొకటీ ఇటొకటీనా?"

"అచ్చంగా. చూసినట్టే చెప్పారు. కూర్చున్నాను. మనం ఎవరం, మట్టి తవ్వుకునేవాళ్లం, అయినా కూర్చున్నాను. కూర్చుంటే ఏమైందో తెలుసా? వెచ్చగా ఉంది. రాజుగారు అప్పుడే లేచి అటు వెళ్లినంత వెచ్చన. అంతే, స్తంభాలన్నీ వంగి దణ్ణం పెట్టాయి, గజశాలలో ఏనుగులు ఘీంకరించాయి, నగరం నగరమంతా మూరెడు పైకి లేచింది. దిబ్బకి ఉత్తరం వైపు ఇప్పటికీ ఎత్తుగా ఉందే, అది అదే. ముగ్గురు మంత్రులొచ్చి సంతకాలు పెట్టమన్నారు. భోజనం గంట వినబడుతోంది, రేపు రండి అని చెప్పి, నూట నలభై అడుగులు పైకి ఎక్కి వచ్చి, అన్నం తిన్నాను."

ఆఫీసరమ్మ పెన్నుకు మూత పెట్టింది.

ఈ ఆఫీసరమ్మ పెన్నుకు మూత పెట్టిందంటే రాసుకోవడానికి ఇక ఏమీ లేదని అర్థం. వదిన రోజూ గుంట దగ్గర చూస్తున్నదే.

"చాలా బాగుంది బాబాయిగారూ. ఇంత నవ్వి ఎన్నాళ్లో అయింది," అంది ఆఫీసరమ్మ. మనసులో ఏం తేల్చుకుందో ఆ మర్యాదలోనే తెలిసిపోయింది. "కాని చూడటానికి వచ్చినవాళ్లకి ఇందులో ఏది ఉన్నదో ఏది లేనిదో ఎలా తెలుస్తుంది చెప్పండి? నిజంగా అక్కడ మీకేమన్నా దొరికిందా?"

బాబాయి గ్లాసు కింద పెట్టాడు. "దొరికిందమ్మా," అన్నాడు. "రాసుకున్న ఆఫీసరుగారు బదిలీ అయిపోయారు. పుస్తకాలు చెదలు తిన్నాయి." కూలీలు దానికీ నవ్వారు. అది కూడా కోతే అనుకున్నారు. బాబాయి నవ్వలేదు.

వదినకు చెల్లెలి చేతులు గుర్తొచ్చాయి, చెల్లెలికిచ్చిన మాటా గుర్తొచ్చింది. తను ఊరుకుంటే పని మైకాయనకు పోతుంది. ఊరుకోకపోతే లోతు బయటపడి అందరూ నవ్వుతారు, అప్పుడూ పని పోయేది మైకాయనకే. కాని సీసా ఉందంటే, అక్కడ ఏదో ఉన్నట్టే కదా. లేనిదాని గురించి లక్కవేసి కాగితం ఎవరు పెడతారు? పైగా వాన మబ్బులో పొద్దు ఎక్కడుందో గాని, గుంకడానికి ఎక్కువసేపు లేదు.

"మరిదీ, లోతు ఎంతన్నావు?" అంది.

"నూట నలభై వదినా."

"ఇంకోసారి ఆలోచించుకో."

"పోనీ, వంద."

"నిచ్చెనకి పదకొండు మెట్లు."

"అప్పట్లో పెద్ద నిచ్చెన ఉండేది."

వదిన సంచిలోంచి సీసా తీసి, బల్లమీద టీ గ్లాసుల మధ్య పెట్టింది. నాలుగో గుంటలో పొద్దున దొరికిందని ఆఫీసరమ్మకు చెప్పింది. బాబాయి సీసాను చూశాడు. మొహంలో రంగు కిందికి దిగింది, ఏ నగరం దాకా దిగిందో తెలియదు.

"మా చెల్లి నన్ను అడ్డు రావద్దంది," అంది వదిన ఆయనతో. "నేను రాలేదు. సీసా వచ్చింది."

ఆఫీసరమ్మ చాకుతో లక్క గీకి, తలలోని పిన్ను తీసి కాగితం బయటికి లాగింది. మెల్లగా విప్పి, గట్టిగా చదివింది.

"గుంట నాలుగు. లోతు రెండున్నర అడుగులు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఇక్కడ చెక్కడపు పనితో ఒక రాయి బయటపడింది. కనిపెట్టిన మనిషి..." అని ఒక పేరు చదివింది. అదెవరా అని కూలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది తన పేరేనని బాబాయి చెయ్యెత్తాడు, బళ్లో హాజరు పలికినట్టు.

"ఇది సింహాసనమని ఇతడు కేకలు వేయగా, కూలీలందరూ పని ఆపి వచ్చి చూశారు. ఇతడు దానిపై కూర్చుని అరగంటసేపు లేవలేదు. పరిశీలించగా ఇది మరుగుదొడ్డి రాయి అని తేలింది. ఈ సంగతి ఎవరితోనూ అనవద్దని ఇతడు బతిమాలుకున్నందున, నా పుస్తకంలోనూ ఈ కాగితంలోనూ తప్ప మరెక్కడా రాయడం లేదు. వానలు ముందే వచ్చాయి. రాయిని కదల్చకుండా, ఇసుక కప్పి పూడుస్తున్నాం."

టీకొట్టు కూలినంత పనైంది. ఒకడు బల్లమీంచి జారి కింద కూర్చున్నాడు, అక్కడే ఉండి నవ్వాడు. టీకొట్టు అమ్మ స్టవ్వు ఆపేసి కొంగు నోట్లో కుక్కుకుంది. రెండు ఎత్తులు, మధ్యలో పల్లం, రాజులు కాళ్లు నేలకానించరు అని ఒకరు అందిస్తే ఇంకొకరు అందుకున్నారు.

బాబాయి మోకాలు రాసుకుంటూ నేలకేసి చూస్తున్నాడు. వదినకు నవ్వు రాలేదు. ఆవిడ చదివింది లోతు ఒక్కటే, లోపల ఇది ఉందని ఆవిడకేం తెలుసు? ముప్పై ఏళ్లుగా ఈ మనిషి ఒక్క రాయిని దాచడానికి ఏడు నగరాలు మోశాడన్నమాట.

నవ్వనివారు ఇంకొకరున్నారు. ఆఫీసరమ్మ ఆ కాగితాన్ని రెండోసారి చదువుతోంది.

"లతలూ హంసలూ ఉన్నమాట నిజమేనా?" అని అడిగింది.

"ఉన్నాయమ్మా," అన్నాడు బాబాయి నేలతో. "హంసలు మాత్రం రెండే."

అప్పుడావిడ అందరికీ తెలిసేట్టు చెప్పింది. అంత చెక్కడమున్న మరుగుదొడ్డి రాయి మామూలు ఇంట్లో ఉండదు, రాజు కుటుంబం ఉండే చోటే ఉంటుంది. మూడేళ్లుగా ఆ నివాసం కోసం తూర్పు దిబ్బంతా తవ్వుతున్నారు, ఒక్క గోడ దొరకలేదు. రాయి కదలకుండా ఉందంటే దాని కాలువ దాని కిందే ఉంటుంది. కాలువ పట్టుకుని పోతే గది, గది పట్టుకుని పోతే అంతఃపురం. ఇన్నాళ్లూ వెతుకుతున్నది పడమట ఉంది, రెండున్నర అడుగుల లోతులో. కనిపెట్టిన మనిషి ఇదిగో, ఇక్కడ కూర్చుని టీ తాగుతున్నాడు.

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆఫీసరమ్మ పెన్ను మూత తీసింది.

"బాబాయిగారూ, వచ్చే నెల జనం ఆ రాయి చుట్టూ నిలబడ్డారనుకోండి. ఏం చెబుతారు?"

బాబాయి నోట్లో ఏనుగులు కదలడం వదినకు కనబడుతూనే ఉంది. ఒక్కొక్కటే వెనక్కి పోయాయి.

"ముందు కుక్క అడుగు చూపిస్తానమ్మా. కుక్క నిజం. తడి అబద్ధం," అన్నాడు. "తర్వాత రాయి దగ్గరికి తీసుకెళ్లి ఉన్నదే చెబుతాను. లోతు రెండున్నర. మరుగుదొడ్డి రాయి. కనిపెట్టింది నేను." ఛాతీ కొంచెం ముందుకు వచ్చింది. "మొదట కూర్చున్నదీ నేనే."

అది చాలునని, పట్నం మైకాయనకు రానక్కర్లేదని రేపే కబురు చేస్తానని ఆఫీసరమ్మ రాసుకుంటూనే అంది.

వాన తగ్గింది. వదిన ఖాళీ సంచి భుజాన వేసుకుని లేచింది. చెల్లెలికి ముందు ఏం చెప్పాలో, తర్వాత ఏం చెప్పాలో వరస కట్టుకుంటూ రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"వెచ్చగా ఉందని మాత్రం చెప్పకు, మరిదీ."